పేరున్న కోతుల కడుపులో

2021 జులైలో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. కెన్యాలోని అంబోసెలీ మైదానాల్లో తిరిగే 585 అడవి బబూన్ల పేగుల్లో ఏయే బాక్టీరియా కాపురముంటున్నాయో, పద్నాలుగేళ్లలో అవి ఎలా మారుతూ వచ్చాయో డీఎన్ఏ చదివి చెప్పిన పని అది. అందుకోసం చూసిన నమూనాలు 16,234. నమూనా అంటే ఇక్కడ బబూన్ వేసిన పెంట. ఇంత పెద్ద సంఖ్య కనబడగానే మన ధ్యాస సీక్వెన్సింగ్ యంత్రాల మీదికి పోతుంది. నాకు మాత్రం అంతకన్నా అబ్బురంగా తోచేది మరొకటి ఉంది. ఆ పదహారు వేల పైచిలుకు నమూనాల్లో ప్రతి ఒక్కటీ ఏ కోతిదో తెలుసు. దాని తల్లి ఎవరో తెలుసు. ఆనాటికి దాని వయసెంతో, మందలో దాని హోదా ఏమిటో, ఆ నెలలో మంద ఏం తిని బతికిందో, అది ఎవరి ముందు కూర్చుని పేలు చూపించుకునేదో రాసిపెట్టి ఉంది. ఈ అధ్యాయంలో చెప్పబోయే ఫలితాల్లో ముఖ్యమైనవన్నీ ఆ రాతపుస్తకాల పుణ్యమే.

అంబోసెలీ కిలిమంజారో పర్వతానికి ఉత్తరాన, కెన్యా వైపు ఉంది. అక్కడ ఏడాది వాన సగటున 350 మిల్లీమీటర్లు. జూన్ నుంచి అక్టోబరు దాకా దాదాపు చినుకు రాలదు. వానలు పడ్డాక బబూన్లు లేత గడ్డి, గడ్డిగింజలు, తుమ్మజాతి చెట్ల పూలూ కాయలూ తింటాయి. వాన లేని నెలల్లో నేల తవ్వి, గడ్డి మొదళ్లలో ఉండే చిన్న చిన్న దుంపలు పెరుక్కుని కడుపు నింపుకుంటాయి. జీన్ ఆల్ట్‌మన్, స్టువర్ట్ ఆల్ట్‌మన్ దంపతులు 1963లో ఇక్కడికి మొదటిసారి వచ్చారు. 1971 నుంచి ఈ కోతుల్ని విడవకుండా గమనించే పని మొదలైంది. తర్వాతి తరంలో సూసన్ ఆల్బర్ట్స్, జెన్నీ టంగ్, ఎలిజబెత్ ఆర్చీ దాన్ని అందుకున్నారు. అయితే పొద్దున్నే లేచి మంద వెంట నడిచేది కెన్యా పరిశీలకులు. రఫాయెల్ ముతుతువా, కిన్యువా వారుతెరె ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్నవాళ్లు. 2021 పరిశోధన పత్రం రచయితల జాబితాలో వాళ్ల పేర్లూ ఉన్నాయి, ఉండి తీరాలి కూడా. బిళ్లలూ ముద్రలూ అక్కర్లేకుండా ముఖం, ఒళ్లు, చెవి చిరుగు, తోక తీరు చూసి ఏది ఎవరో చెప్పగలిగిన ఇలాంటివాళ్లు లేకపోతే ఆ 585 కోతులు మనకు ఉత్త మందే.

పెంట ఏరడం వినడానికి తేలికగానే ఉంటుంది. మందలో పదుల కొద్దీ కోతులు. పరిశీలకుడు ఒకదాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అది పెంట వేసి కదిలాక, వెనక వచ్చేది దాన్ని తొక్కకముందే అక్కడికి చేరాలి. ఏ పెంట ఏ కోతిదో రవ్వంత అనుమానం ఉన్నా ఆ నమూనాకు విలువ లేదు. కాగితం కప్పులోకి తీసుకుని, డాక్టర్లు నాలుక నొక్కి గొంతు చూసే చెక్కపుల్లతో బాగా కలిపి, అందులో కొంత 95 శాతం ఇథనాల్‌లో వేస్తారు. కలపడం ఎందుకంటే, ఒకే పెంటలో అంచున ఉండే బాక్టీరియా, నడుమ ఉండేవి ఒక్కలా ఉండవు. ఇథనాల్ ఎందుకంటే, పెంట బయటపడినంత మాత్రాన లోపలి జీవితం ఆగిపోదు. గాలి సోకితే చచ్చేవి చస్తుంటాయి, గాలిలో బతకగలిగినవి పెరుగుతుంటాయి. గంటలు గడిచాక చదివితే తెలిసేది ఎండలో పడి ఉన్న పెంట సంగతే తప్ప కోతి పేగు సంగతి కాదు. ప్రయోగశాలకు చేరాక ఇథనాల్‌ను ఆవిరి చేసి, మిగిలినదాన్ని గడ్డకట్టించి ఆరబెట్టి, పీచూ పొట్టూ జల్లించి, మెత్తని పొడిని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఫ్రీజర్‌లో దాస్తారు.

ఆ పొడిని మొదట దాచింది బాక్టీరియా కోసం కాదు, హార్మోన్ల కోసం. ఒంట్లో విడుదలయ్యే ఒత్తిడి హార్మోన్ల జాడ పెంటలో మిగులుతుంది. సూది గుచ్చకుండా, మత్తు ఇవ్వకుండా జంతువు ఎంత ఒత్తిడిలో ఉందో దాన్నిబట్టి చెప్పొచ్చు. మందలో అగ్రస్థానంలో ఉన్న మగ బబూన్‌కు, దాని వెనకాల రెండో స్థానంలో ఉన్నదానికన్నా ఈ హార్మోన్లు ఎక్కువని 2011లో తేల్చింది అంబోసెలీ పెంటే. ఆ తర్వాత సీక్వెన్సింగ్ ఖర్చు బాగా దిగివచ్చింది. అప్పటికే ఏళ్ల తరబడి పేరూ తేదీలతో పేర్చి ఉన్న పొడి, దాచినవాళ్లు అనుకోని ప్రశ్నకు పనికొచ్చింది. రేపు ఎవరికి ఏం అవసరమవుతుందో తెలియకపోయినా పద్ధతిగా దాచిపెట్టడం కూడా శాస్త్రంలో పెద్ద పనే అని నా గట్టి నమ్మకం.

ఇక చదవడం సంగతి. పేగులో ఉండే బాక్టీరియాలో చాలావాటికి గాలి గిట్టదు. వాటిని గాజుపళ్లెంలో పెంచి, సూక్ష్మదర్శినిలో చూసి పేరు పెట్టడం చాలా కష్టం. కొన్ని దశాబ్దాల పాటు ఈ రంగం ముందుకు సాగకపోవడానికి అదే ముఖ్య కారణం. దారి చూపింది అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ వోజ్. బతికి ఉన్న ప్రతి కణంలోనూ ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఉంటుంది కాబట్టి, దానిలోని ఆర్ఎన్ఏను పోల్చి చూస్తే ఏ జీవికి ఏ జీవి దగ్గరి చుట్టమో చెప్పొచ్చని ఆయన పట్టుబట్టాడు. ఆ దారినే 1977లో జార్జ్ ఫాక్స్‌తో కలిసి, బాక్టీరియాలా కనిపించినా బాక్టీరియా కాని ఒక మహాశాఖను, ఆర్కియాను, బయటపెట్టాడు. బాక్టీరియాలో ఆ ఆర్ఎన్ఏకు సంబంధించిన జన్యువును 16ఎస్ అంటారు. పొడవు సుమారు 1,500 అక్షరాలు. అందులో కొన్ని భాగాలు దాదాపు అన్ని బాక్టీరియాలోనూ ఒకేలా ఉంటాయి. వాటి మధ్య మధ్య ఉన్న తొమ్మిది భాగాలు మాత్రం రకాన్నిబట్టి మారిపోతాయి. మారని భాగం దగ్గర ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ ముక్కలు అతుక్కుంటాయి, మారే భాగం ఎవరిదో పోలిక చెబుతుంది. అంబోసెలీ బృందం చదివింది నాలుగో భాగాన్ని, సుమారు 250 అక్షరాలు. పీసీఆర్‌తో ఆ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసి, ఒక్కో నమూనా నకళ్ల చివర ఒక్కో గుర్తు అక్షరాల వరుస తగిలిస్తారు. ఆ పైన వందల నమూనాలు ఒకే గొట్టంలో కలిపి యంత్రానికి ఇచ్చినా ఇబ్బంది లేదు. చదివిన తర్వాత గుర్తునుబట్టి దేనిది దానికి విడదీసుకోవచ్చు.

ఇలా వచ్చే జాబితాను చూసి మోసపోకూడదు. యంత్రం ఇచ్చేది వాటాలే కానీ అసలు సంఖ్యలు కావు. ఎన్నికల్లో ఒక పార్టీకి పోయినసారి వచ్చినన్ని ఓట్లే వచ్చినా, మిగతా పార్టీల ఓటర్లు ఇళ్లు కదలకపోతే దాని ఓట్ల శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక బాక్టీరియా వాటా ఎండాకాలంలో రెట్టింపైందంటే అది నిజంగా పెరిగిందో, మిగతావి తగ్గాయో ఈ లెక్క ఒక్కటే చెప్పలేదు. పైగా 16ఎస్ జన్యువు కొన్ని బాక్టీరియాలో ఒకటే ఉంటే, కొన్నింటిలో పది దాకా ఉంటుంది. రెండోవాటి బలం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మరో చిక్కు మన ప్రయోగశాలలోనే ఉంది. డీఎన్ఏను విడదీయడానికి కొనే రసాయనాల కిట్లలోనే కొద్దిగా బాక్టీరియా డీఎన్ఏ ఉంటుందని 2014లో సుసన్నా సాల్టర్ బృందం చూపించింది. నమూనాలో అసలు సరుకు తక్కువైనప్పుడు ఈ కల్తీయే ఫలితంగా చలామణీ అయ్యే ప్రమాదం ఉంది. అందుకే పెంట ఏమీ వేయని ఖాళీ గొట్టాన్ని కూడా మొదటి నుంచి చివరిదాకా మిగతావాటితో పాటే నడిపిస్తారు. ఖాళీ గొట్టం ఫలితం చూపించని పత్రాన్ని నేను నమ్మను.

పెంటలో బాక్టీరియా డీఎన్ఏ ఒక్కటే ఉండదు. తిన్న మొక్కల డీఎన్ఏ ఉంటుంది. పేగు గోడ నుంచి రాలిన కణాల రూపంలో ఆ జంతువు సొంత డీఎన్ఏ కూడా ఉంటుంది. కెన్యాలోనే ఉన్న మ్పాలాలో టైలర్ కార్ట్‌జినెల్ బృందం 2015లో ఆ మొక్కల డీఎన్ఏను చదివింది. ఒకే మైదానంలో పక్కపక్కనే మేసే ఏనుగులు, అడవి దున్నలు, జీబ్రాలు తింటున్నది ఒకే మేత కాదని తేలింది. చూపుకు ఒకేలా కనిపించే రెండు జీబ్రా జాతుల మేతలో కూడా తేడా ఉంది. జంతువు సొంత డీఎన్ఏ విలువ మన దేశానికి బాగా తెలుసు. పులిని అంబోసెలీ కోతిలా రోజూ పక్కన నడిచి గుర్తుపట్టలేం. దాని పెంటలోని డీఎన్ఏయే దాని పేరు చెప్పాలి. బెంగళూరులో ఉమా రామకృష్ణన్ బృందం పులుల పెంట నుంచి జన్యువులు చదివి ఏ అడవి పులులు ఏ అడవి పులులతో కలుస్తున్నాయో, ఎక్కడ దారులు మూసుకుపోయాయో చెబుతున్నది ఈ పద్ధతిలోనే. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన ‘లాకోన్స్’ ప్రయోగశాల పుట్టిందే అంతరించిపోతున్న జంతువుల కోసం. ఒక మాంసం ముక్కో, చర్మం ముక్కో ఏ జంతువుదో చెప్పగల డీఎన్ఏ పరీక్షను లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ రూపొందించింది సీసీఎంబీలోనే. వేటగాళ్ల కేసుల్లో అది సాక్ష్యంగా నిలబడింది. పెంటలోని హార్మోన్లు చదివి అడవి జంతువుల ఒత్తిడి కొలిచే పనీ అత్తాపూర్‌లో సాగుతోంది.

మళ్లీ బబూన్ల దగ్గరికి వద్దాం. 2015లో టంగ్, ఆర్చీ బృందం రెండు మందల్లోని 48 కోతుల పెంట తీసుకుంది. 16ఎస్ ముక్కతో సరిపెట్టకుండా అందులో ఉన్న డీఎన్ఏ మొత్తాన్ని చదివింది. రెండు మందలూ తినేది దాదాపు ఒకటే. అయినా ఏ మంద బాక్టీరియా ఆ మందదే. అంతకన్నా ఆసక్తికరం మంద లోపలి సంగతి. ఏ రెండు కోతులు ఒకదానికొకటి ఎక్కువగా పేలు చూసుకుంటాయో వాటి పేగు బాక్టీరియా ఎక్కువగా కలుస్తోంది. చుట్టరికం వల్లనో, ఒకే తిండి వల్లనో అనుకోవడానికి లేదు. వాటిని లెక్కలోంచి తీసేసినా ఆ పోలిక నిలిచింది. బబూన్లకు పేలు చూడటం ఊసుపోని పని కాదు. రెండు చేతులతో బొచ్చు పాయలు తీసి, ఒళ్లంతా వెతికి, దొరికిన పిడుదునూ పొక్కునూ వేళ్లతో గిల్లి నోట్లో వేసుకుంటాయి. ఎక్కువగా పేలు చూపించుకునే కోతుల ఒంటి మీద పిడుదులు తక్కువని కూడా అంబోసెలీలోనే తేలింది. అలా చేతుల నుంచీ బొచ్చు నుంచీ నోట్లోకి బాక్టీరియా దాటుతుంది. గాలి తగిలితే బతకని, విత్తనం లాంటి గట్టి కవచం కట్టుకోలేని బాక్టీరియాలోనే మందల మధ్య తేడా ఎక్కువగా కనిపించింది. ఇది చాలా బలమైన ఆధారం. మట్టిలోనూ నీళ్లలోనూ వేచి ఉండలేనివి ఒక ఒంటి నుంచి మరో ఒంటికి నేరుగా చేరాల్సిందే కదా. ఈ ఫలితానికి కావలసిన డీఎన్ఏను ఏ ప్రయోగశాలైనా చదవగలదు. ఎవరు ఎవరికి పేలు చూశారో రాసుకున్నవాళ్లు మాత్రం అంబోసెలీలోనే ఉన్నారు.

2021 పత్రం అడిగిన ప్రశ్న ఇంకా పాతది. పేగు బాక్టీరియా వంశపారంపర్యంగా వస్తుందా? అంటే, జంతువు సొంత జన్యువులు తన కడుపులో ఎవరుండాలో కొంతైనా నిర్ణయిస్తాయా? మనుషుల మీద చేసిన పనులు దీనికి తలో జవాబు చెప్పాయి. 2014లో బ్రిటన్‌లోని 416 జతల కవలలను చూసిన జూలియా గుడ్రిచ్, రూత్ లే బృందం కొన్ని బాక్టీరియా జన్యువులనుబట్టి ఉంటాయంది. 2018లో ఇజ్రాయెల్‌లో 1,046 మందిని చూసినవాళ్లు జన్యువుల పాత్ర చాలా కొద్ది, పరిసరాలే దాదాపు అంతా అన్నారు. రెండు పక్షాలవాళ్లూ జాగ్రత్తగా పనిచేసినవాళ్లే. చిక్కేమిటంటే మనుషుల అధ్యయనాల్లో ఒక మనిషి నుంచి చాలాసార్లు ఒక్క నమూనాయే అందుతుంది. పేగు బాక్టీరియా రోజు రోజుకూ మారేది. ఒక్క రోజు తీసిన నమూనాలో ఆ మనిషి స్వభావమెంతో, నిన్న తిన్న తిండెంతో విడదీయలేం.

అంబోసెలీలో ఒక్కో కోతికి సగటున ఇరవై నమూనాల పైనే ఉన్నాయి, అవీ ఏళ్ల మీద పరచుకుని. తల్లులెవరో చూసి రాసుకున్నారు. తండ్రులెవరో డీఎన్ఏ చెప్పింది. అలా తరాల వంశవృక్షం సిద్ధంగా ఉంది. తిండి, వయసు, రుతువు, మంద, హోదా అన్నిటి ప్రభావాన్నీ లెక్కగట్టి పక్కన పెట్టాక చూస్తే, బాక్టీరియాకు సంబంధించి వాళ్లు కొలిచిన లక్షణాల్లో 97 శాతం మీద జన్యువుల ప్రభావం కనిపించింది. ఈ 97ను పట్టుకుని పేగు బాక్టీరియా అంతా తల్లిదండ్రుల నుంచే వస్తుందని రాస్తే పెద్ద తప్పు. ప్రభావం దాదాపు అన్నిటి మీదా ఉంది, కానీ ఒక్కోదాని మీద ఉన్న ప్రభావం చిన్నది. సగటున 0.068, అంటే కనిపించే తేడాల్లో నూటికి ఏడు పాళ్లు కూడా లేదు. అదైనా స్థిరంగా ఉండదు. వాన లేని కాలంలో పెరుగుతుంది, తిండిలో వైవిధ్యం తగ్గినప్పుడు పెరుగుతుంది, కోతి వయసు పైబడ్డాక పెరుగుతుంది. అందరూ అవే దుంపలు తవ్వుకుని తింటున్నప్పుడు తిండి వల్ల వచ్చే తేడాలు సన్నగిల్లి, వాటి చాటున ఉన్న జన్యువుల తేడా బయటికి కనిపిస్తుందని నేను అర్థం చేసుకుంటాను. ఈ బృందం తమ సమాచారాన్నే తగ్గించి, మనుషుల అధ్యయనాల మాదిరిగా తక్కువ నమూనాలతో లెక్క మళ్లీ వేసింది. వంశపారంపర్యం చాలా మటుకు కనిపించకుండా పోయింది. పాత వాదన ఎందుకు తెగలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

2021 పత్రం వచ్చిన మరుసటి ఏడాది యొహానెస్ బియర్క్ బృందం 600 కోతుల 17,265 నమూనాలతో ఇంకొకటి చూపించింది. రుతువులతో పాటు అందరి బాక్టీరియా కొంత కలిసి మారినా, ఒకే మందలో ఒకే తిండి తినే కోతుల్లో కూడా ఎవరి కడుపు దారి వారిదే. మనుషులు తలో తిండి తింటారు కాబట్టే తలో రకంగా మారుతుంటారని అనుకునేవాళ్లకు ఇది గట్టి జవాబు. ఆ తర్వాత మౌనా దాసరి అదే నిధి నుంచి ‘బాక్టీరియా గడియారం’ తయారుచేసింది. పెంటలోని బాక్టీరియా చూసి కోతి వయసు అంచనా కడుతుందది. మగవాటికీ, పెద్ద హోదా ఉన్నవాటికీ ఉన్న వయసుకన్నా ఎక్కువ చూపించింది. మరి అలా ముసలిగా కనిపించినవి తొందరగా చచ్చిపోయాయా? లేదు. ఆ గడియారానికీ ఆయుష్షుకూ సంబంధం కనబడలేదు. పేగు పరీక్ష చేయించుకుంటే మీ అసలు వయసు చెబుతామనే వ్యాపార ప్రకటనలు పెరుగుతున్న కాలంలో ఈ ఫలితానికి అందరూ కాస్త చెవి ఒగ్గాలి. పుట్టిననాడూ పోయిననాడూ తెలిసిన జంతువుల్లోనే ఇలాంటి పరీక్ష నిజాయితీగా చేయగలం.

అడవిలోనే ఎందుకు, జూలోనో ప్రయోగశాలలోనో చూడొచ్చు కదా అంటే, బోనులో పెట్టిన జంతువు కడుపు అడవి జంతువు కడుపు కాదు. డూక్ లంగూర్లు, హౌలర్ కోతులు జూకు వచ్చాక సొంత బాక్టీరియాలో చాలావాటిని పోగొట్టుకుని, మనుషుల పేగుల్లో పెచ్చుగా ఉండే రకాలను తెచ్చుకుంటాయని 2016లో తేలింది. 2017లో స్టీఫన్ రాస్‌హార్ట్, బార్బరా రీర్‌మన్ ప్రయోగం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. అడవి ఎలుకల పేగు బాక్టీరియాను ప్రయోగశాల ఎలుకలకు ఎక్కించి, మోతాదు మించిన ఫ్లూ వైరస్ ఇచ్చారు. మామూలు ప్రయోగశాల ఎలుకల్లో 17 శాతం బతికితే, అడవి బాక్టీరియా ఉన్నవాటిలో 92 శాతం బతికాయి.

బబూన్ల మీద ఇలాంటి ప్రయోగం చేయలేం, చేయకూడదు. అందుకే అంబోసెలీ ఫలితాలన్నీ ఫలానాదానికి ఫలానాదానితో సంబంధముంది అనే దగ్గర ఆగుతాయి. కారణం ఏదో తేల్చడానికి వేరే జంతువుల దగ్గరికి పోవాలి. అమెరికా పశ్చిమాన మొహావీ ఎడారిలో వుడ్‌రాట్ అనే ఎలుకజాతి క్రియోసోట్ పొద ఆకులు తిని బతుకుతుంది. ఆ ఆకుల బంకలో విషం ఉంటుంది. అదే జాతివి ఉత్తరాన గ్రేట్ బేసిన్‌లో కూడా ఉన్నాయి కానీ అక్కడ ఆ పొద పెరగదు. కెవిన్ కోల్, డెనిస్ డియరింగ్ 2014లో మొహావీ ఎలుకలకు యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. అవి రోజూ తినే క్రియోసోట్‌నే తట్టుకోలేక బరువు తగ్గిపోయాయి. ఆ పైన మొహావీ ఎలుకల పెంటను గ్రేట్ బేసిన్ ఎలుకల మేతలో కలిపారు. ముందెన్నడూ క్రియోసోట్ ఎరగని ఆ ఎలుకలు దాన్ని తట్టుకున్నాయి.

ఈ తెలివి అడవి జంతువుకు పనికొస్తుందా అన్నది ఆస్ట్రేలియాలోని కేప్ ఆట్వేలో పరీక్షకు వచ్చింది. అక్కడి కోలాలు మన్నాగమ్ అనే ఒక్క యూకలిప్టస్ రకం మీదే పడి, 2013 నాటికి చెట్లను మోడు చేసి, ఆకలితో పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. పక్కనే మెస్‌మేట్ అనే మరో యూకలిప్టస్ నిండుగా ఉన్నా చాలా కోలాలు దాన్ని ముట్టలేదు. మిషేలా బ్లైటన్ బృందం మెస్‌మేట్ తినే కోలాల పెంట తీసి, కడుపులోని ఆమ్లానికి కరగని గుళికల్లో నింపి, మన్నాగమ్ మాత్రమే తినే కోలాలకు మింగించింది. పోలిక కోసం కొన్నింటికి మన్నాగమ్ తినేవాటి పెంటే ఇచ్చారు. ఆ తర్వాత రోజుల తరబడి వాటి పెంటలోని డీఎన్ఏ చదువుతూ, ఏ ఆకు ఎంత తిన్నాయో కొలిచారు. 2019లో వెలువడిన ఫలితం ఇది: కొత్త బాక్టీరియా అన్నిటికీ ఒకేలా కుదురుకోలేదు, కానీ దేని కడుపులో ఎక్కువ మార్పు వచ్చిందో అది మెస్‌మేట్ ఆకు ఎక్కువగా తిన్నది.